ముట్టుకోవద్దన్న ముఖం

గద్వాలలో ముప్పై నాలుగేళ్లు ఫోటో స్టూడియో నడిపాను. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఈ ఊళ్లో ఆ వెయ్యిలో కొన్ని నా కంప్యూటర్ మీద తయారైనవే. నల్లగా ఉన్నవాళ్లను చామనఛాయకు తెచ్చాను, చామనఛాయ వాళ్లను ఇంకాస్త ముందుకు నడిపించాను. మొటిమలు తీశాను, కళ్ల కింద నలుపు తీశాను, ఒక పెళ్లికొడుక్కి నెత్తి మీద ఊడిన జుట్టు కూడా మొలిపించాను. ఒక్కరంటే ఒక్కరు తిరిగొచ్చి "నన్నెందుకింత మంచిగ చూపించినవ్" అని కొట్లాడలేదు. దాంతో నా విద్య అదేననుకున్నాను.

ఇప్పుడు షాపు లేదు. కెమెరా పట్టుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తారు. లైట్ల గురించి, లెన్సుల గురించి అడుగుతారు. వాటి సంగతి నాకన్నా వాళ్లకే బాగా తెలుసు, మర్యాద కోసం అడుగుతారంతే. ఈ మధ్య సినిమాల్లో వేషాల కోసం తిరిగేవాళ్లు మన పాలమూరు వైపు కూడా పెరిగారు కాబట్టి, వాళ్లకు ఫోటోలు ఎలా తీయాలని కూడా అడుగుతున్నారు. అప్పుడు నేను బాగా తీసిన ఒక ఫోటో గురించి, దాన్ని నేనే ఎలా చెడగొట్టానో చెప్తాను. అదే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఇందులో ఉన్నవాళ్లందరూ ఇంకా బస్టాండులో ఎదురుపడే మనుషులే.

షాపు మూసేయడానికి రెండేళ్ల ముందు మాట. ఒక చలికాలం పొద్దున షట్టరు ఎత్తి, దేవుడి పటం ముందు అగరుబత్తి వెలిగిస్తుంటే ఒకాయన వచ్చి మెట్టు మీద నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. పొడుగ్గా, గట్టి ఎముకతో, భుజం మీద తువ్వాల వేసుకుని ఉన్నాడు. ముఖం నిండా చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు, తడిమట్టిలో వేలు పెట్టి నొక్కినంత లోతుగా ఉన్నాయి. పింఛను ఫోటోకు వచ్చాడనుకున్నాను.

"కూసో పెద్దాయనా. పింఛన్‌కా, పాసుబుక్కుకా?" అన్నాను.

ఆయన నన్ను కాసేపు చూసి నవ్వాడు. తర్వాత అక్కడే నిలబడి, గొంతు సవరించుకుని, పద్యం ముందు తీసే రాగం అందుకున్నాడు. ఎంతో సేపు కాదు. పక్క షాపులో కుట్టుమిషను ఆగిపోయింది. నా చేతిలో అగరుబత్తి అలాగే ఉండిపోయింది.

ఇరవై ఏళ్లుగా నేను ఫోటోలు తీస్తున్న రాజు ఆయన.

బిజినేపల్లి దగ్గర ఒక ఊళ్లో ఆయనకు కొంచెం భూమి ఉంది. పల్లి, పత్తి వేస్తాడు. పంట పనులు లేనప్పుడు పద్యనాటకాలాడే ఒక సమాజంలో రాజు వేషాలు కడతాడు. గద్వాల వైపు జాతరల్లో వాళ్ల నాటకం ఎప్పుడున్నా ఫోటోలకు నన్నే పిలిచేవాళ్లు. నేను కెమెరాతో వెళ్లేసరికి ఆయన ముఖానికి తెల్లరంగు, దాని మీద ఎర్రరంగు, మీసం, కిరీటం అన్నీ అయిపోయి ఉండేవి. ఆయన రంగు కడుక్కునేలోపు నేను వచ్చేసేవాణ్ని. ఇరవై ఏళ్ల పరిచయంలో ఆయన సొంత ముఖం చూడడం నాకు అదే మొదటిసారి. అందుకు సిగ్గుపడి, కుర్చీ తుడిచి కూర్చోబెట్టాను.

"నా వేసాల ఫోటోలన్ని మీరే తీసిండ్రు సారు. వేసం లేని ఫోటో గూడ మీరే తీయాలె. సినిమాల అడుగుతుండ్రు" అన్నాడు.

జరిగింది ఇది. ఆయన పద్యం పాడుతున్న వీడియో ఎవరో ఫోన్లో పెడితే, అది తిరిగి తిరిగి హైదరాబాదులో నటుల్ని ఎంపిక చేసే ఒకమ్మాయి కంట పడింది. ఆ గొంతు ఆమెకు నచ్చింది. అచ్చంపేట వైపు అడవి పక్క ఊళ్లలో తీయబోయే సినిమాలో ఒక ముసలాయన వేషం ఉంది. మాటలు తక్కువ, చూపులు ఎక్కువ. దర్శకుడు ఫోటోలు చూసి పిలుస్తాడట. ఆమె ఫోన్లో చెప్పిన నియమాలను ఆయన కోడలు నోటుబుక్కు కాగితం మీద రాసి ఇచ్చింది. ఆ కాగితం ఆయన జేబులోంచి జాగ్రత్తగా తీశాడు.

ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి రెండు, నిలువుగా ఒకటి, నవ్వుతూ ఒకటి. వెనక ఏ బొమ్మా లేని గోడ. పౌడరు వద్దు, జుట్టుకు రంగు వద్దు, రోజూ కట్టే బట్టలే కట్టాలి. చివరి మాట కింద ఆ కోడలు రెండు గీతలు కొట్టింది: కంప్యూటర్‌లో ఏమీ ముట్టుకోవద్దు.

"ఎప్పటికల్లా కావాల్నట?" అని అడిగాను.

"ఇంక మూడు వారాలు ఉన్నది."

ఆయన తల చూశాను. పైన కాటుకలా నలుపు, మొదళ్లలో తెలుపు. అప్పుడే తీస్తే ఫోటోలో ముందు కనిపించేది ఆ రంగే. మూడు వారాలు ఆగుదామన్నాను. మంగలి దగ్గర జుట్టు కురచగా కత్తిరించుకుని, రంగు పోయేదాకా పెరగనిమ్మన్నాను. వేషం కోసం రోజూ నున్నగా గీసుకునే గడ్డం వదిలేయమన్నాను. చేనుకు వేసుకునే చొక్కా ఉతికి తెమ్మన్నాను, కానీ ఇస్త్రీ వద్దన్నాను, గీతల చొక్కా అసలే వద్దన్నాను. రోజూ కాసేపు అద్దం ముందు నిలబడి ఏమీ చేయకుండా ఉండడం అలవాటు చేసుకోమన్నాను. ఇదంతా నాకు ఎవరూ నేర్పలేదు. నటుల ఫోటోలు నేను అంతకుముందు తీసిందీ లేదు. కానీ ముఖాల పనిలో ఉన్నవాడికి కొంత దానంతటదే తెలుస్తుంది.

ఆ మూడు వారాలూ ఆయన ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. తెల్లజుట్టుతో బావమరిది కొడుకు పెళ్లికి పోతే అందరూ చుట్టూ చేరి "పానం మంచిగలేదా? దవాఖానకు పోయినవా?" అని పలకరించారట. పెళ్లాం ఊరంతా వినేటట్టు "మా ఇంట్ల ఇప్పుడు ఎవరో ముసలాయన ఉంటుండు" అంటోందట. ఇంకో సంగతి ఆయన నవ్వకుండా చెప్పాడు. మధ్యలో వనపర్తి దగ్గర ఒక నాటకం వచ్చింది. రంగు పూసుకుంటే ముఖం మీద దద్దుర్లు లేస్తాయి, గడ్డం గీసుకోవాలి. కాబట్టి రాజు వేషం వేరేవాడికి ఇచ్చేశాడు. ముప్పై ఏళ్లలో ఆ కిరీటం ఇంకొకడి తల మీద పెట్టడం అదే మొదటిసారి.

"పరవాలేదు సారు. గిది అయితే సాలు. రాజును ఎంతోమంది చూసిండ్రు. నన్ను ఎవ్వరు చూడలే" అన్నాడు.

అద్దం సంగతి అడిగితే మాత్రం దిగులు పడ్డాడు. "అద్దం ముంగట నిలబడితే మొకం దానంతట అదే రాజు అయితుంది. ఏం చేయాల్నో తెల్వదు."

అనుకున్న రోజు మొదటి బస్సుకే బయల్దేరి, వనపర్తిలో బస్సు మారి, తొమ్మిదిన్నరకల్లా వచ్చాడు. తల వెండిలా తెల్లగా ఉంది. గడ్డం కూడా తెల్లగా పొడుచుకొచ్చింది. పొలం చొక్కా కాలరు చిరిగి కుట్టేసి ఉంది. నాకు ఇది మామూలు పని కాదనిపించింది. ఆ పొద్దున వేరే గిరాకీ ఏదీ ఒప్పుకోలేదు.

ఇక్కడ మా స్టూడియోలో కంప్యూటర్ మీద పనిచేసే ఆమె గురించి చెప్పాలి. మగ్గం నేసే ఇంటి మనిషి. మొదట చీరల అంచులకు డిజైన్లు గీసేది, తర్వాత నా దగ్గర పదిహేనేళ్లు ఫోటోలు దిద్దింది. మాట కరుకు. గిరాకీ ముందే నన్ను తప్పు పట్టేది. నేను లోపల విసుక్కునేవాణ్ని, కానీ ఆమె లేకపోతే షాపు ఒక్కరోజు నడవదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

లైటు కిటికీ పక్క నుంచి ఒకటే పెట్టాను. ఆయన గోడ ముందు నిలబడ్డాడు.

"ఎవరి లెక్క నిలబడాలె సారు?"

"మీ లెక్కనే నిలబడాలె అన్నా."

"గది ఎట్లుంటది?"

కెమెరా కన్ను దగ్గర పెట్టుకోగానే ఆయన గడ్డం పైకి లేచింది, ఛాతీ ముందుకొచ్చింది, కనుబొమ్మ ఒకటి విల్లులా వంగింది. పది తీశాను, ఇరవై తీశాను. చిరిగిన కాలరు చొక్కాలో రాజే ఉన్నాడు. నవ్వమంటే సభలో శత్రువును చూసి నవ్వినట్టు నవ్వాడు. "చేతులు వదిలేయండ్రి" అంటే ఆ చేతులు గద కోసం వెతికాయి. ఆయనకు చెమట పట్టింది. నాకూ పట్టింది. కాసేపటికి ఆయన స్టూలు మీద కూలబడి "నాతోని గాదు సారు" అన్నాడు.

అప్పుడు మా కంప్యూటర్ ఆమె తన కుర్చీలోంచే, మానిటరు మీద నుంచి కళ్లు తీయకుండా అడిగింది: "పెద్దనాయనా, మీ దిక్కు పల్లిచేన్లల్ల అడివి పందులు పడ్తలేవా?"

ఆయన తల ఆమె వైపు తిప్పాడు. "ఎందుకు పడ్తలేవు బిడ్డా. మొన్న రెండు సాళ్లు నాశనం చేసినయ్. రాత్రి కావలి పండుకుందామంటే చలి. మా కోడలు పోనిస్తలేదు..."

అంతే. రాజు దిగిపోయాడు. కళ్ల చుట్టూ ముడతలు పడ్డాయి, పెదవి కొంచెం వదులైంది, చూపు రెండు సాళ్ల పల్లి మీదికి పోయింది. నేను ఊపిరి బిగబట్టి తీస్తూ పోయాను. ఆమె అడుగుతూనే ఉంది, ఆయన చెప్తూనే ఉన్నాడు. ఒకసారి పంది వెనక పరుగెత్తి బావి గట్టున పడ్డ కథ చెప్పి తనకు తానే నవ్వుకున్నాడు. అదీ తీశాను. ఐదు ఫోటోలూ పావుగంటలో అయిపోయాయి. నా జీవితంలో అంతకన్నా మంచి ఫోటోలు నేను తీయలేదు. ఇప్పటికీ ఆ మాటకు కట్టుబడి ఉన్నాను.

ఫోటోలు సాయంత్రం నేనే మెయిల్లో పంపుతానని చెప్పి, ఆయన్ను మధ్యాహ్నం బస్సు ఎక్కించాను.

తర్వాత వాటిని పెద్ద తెర మీద వేసుకుని కూర్చున్నాను. పక్కలైటు కదా, మచ్చలు ఒక్కొక్కటి లోతుగా, నీడతో సహా కనిపిస్తున్నాయి. చెంపల మీద, ముక్కు మీద, నుదుటి మీద ఎక్కడ చూసినా అవే. నెగటివ్ మీద పెన్సిలు ముక్కతో గీసిన రోజుల నుంచి నేను మొట్టమొదట నేర్చుకున్న పని అది. ముఖం మీద మచ్చ కనిపిస్తే ముందు దాన్ని తీసేయాలి. అడిగినా తీయాలి, అడక్కపోయినా తీయాలి. అలా తీసి ఇస్తేనే మనిషికి మర్యాద చేసినట్టు. నా చేయి ఊరుకోలేదు.

ఆమె అది పసిగట్టింది. "ముట్టుకోవద్దని రెండు గీతలు కొట్టి రాసిండ్రు సార్."

"గట్ల అందరికి చెప్తరు. చివరకు వాళ్లకు కావల్సింది మంచి మొకమే. పాపం ఆయనకు పని దొరకాలె గద."

"నూలు చీరకు పట్టంచు వేస్తె అందం. మనిషికి వేస్తరా?"

"కొంచెమే చేద్దాం. తెల్వకుండ."

"నేను చెయ్య. మీరే చేస్కోండ్రి" అని కుర్చీ నాకు వదిలేసి లేచిపోయింది.

రెండు గంటలు పట్టింది. మంచి చర్మం ఉన్న చోటు నుంచి కొంచెం కొంచెం తీసి మచ్చ మీద పరిచాను. మొత్తం తీసేస్తే అనుమానం వస్తుందని అక్కడక్కడా నాలుగైదు వదిలాను. ముడతల జోలికి పోలేదు, కానీ వాటి నీడలు తేలిక చేశాను. దేవుడు కూడా ఎక్కడ అతికానో పట్టుకోలేడు. ఆ పని చేస్తున్నంతసేపూ నాకు ఆయన మీద ప్రేమే తప్ప ఇంకేమీ లేదు. ఇది సాకు కాదు, ఉన్నదే చెప్తున్నాను. అవే పంపాను. ఆయనకు ఒక జత ప్రింటు తీసి కవరులో పెట్టి, ఆయన ఊరివైపు పోయే మనిషి చేతికిచ్చాను. ముట్టుకున్నానని మాత్రం ఆయనకు చెప్పలేదు.

ఐదారు రోజుల తర్వాత పదకొండు గంటలప్పుడు ఫోనొచ్చింది. హైదరాబాదు నుంచి ఆ అమ్మాయే. మాట మెత్తగా ఉంది.

"సార్, ఫోటోలు చాలా బాగా తీశారు. ఒక్కటి అడగాలని చేశాను. వీటిని ఏమైనా ఎడిట్ చేశారా?"

మా కంప్యూటర్ ఆమె తల ఎత్తింది.

"లేదమ్మా. కెమెరాల ఎట్ల పడ్డదో గట్లనే పంపిన" అన్నాను.

"అలాగా సార్. ఏం లేదు, ఆయన గొంతు మా డైరెక్టర్‌గారికి బాగా నచ్చింది. కళ్లు కూడా నచ్చాయి. కానీ ఆ వేషానికి ఎండలో పడి బతికిన ముఖం కావాలి. ఇది మరీ నున్నగా, షావుకారు ముఖంలాగా ఉంది. ఒకవేళ ఎడిట్ చేసి ఉంటే అసలువి చూద్దామని..."

పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగి చూడండి. ఆ అమ్మాయి తలుపు తనే తీసి పట్టుకుంది. "చేశానమ్మా, పొరపాటైంది, అసలువి ఇప్పుడే పంపుతా" అనాలి. మూడు నిమిషాల పని. కానీ ముట్టుకున్నట్టు తెలియకుండా ముట్టుకోవడమే నేను ముప్పై ఏళ్లు గొప్పగా చెప్పుకున్న విద్య. చేశానని ఒప్పుకుంటే, చెప్పిన మాట వినని పల్లెటూరి ఫోటోగ్రాఫరునని హైదరాబాదు వాళ్లు అనుకుంటారు. ఒక్క క్షణంలో ఇంత ఆలోచించాను. ఆయన గురించి మాత్రం ఆలోచించలేదు.

"లేదమ్మా, ఆయన మొకమే అంత" అన్నాను.

ఆమె థాంక్స్ చెప్పి పెట్టేసింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మా కంప్యూటర్ ఆమె ఆ రోజు సాయంత్రం దాకా పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తూ కూర్చుంది. తిట్టి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

వారం తర్వాత ఆయన ఫోన్ చేశాడు. "ఏమన్న తెలిసిందా సారు?" "వాళ్లే చెప్తరన్నా" అన్నాను. ఈ అబద్ధం ముందటివాటికన్నా సులువుగా వచ్చింది. ఆ తర్వాత వాళ్లు ఆయనకు చెప్పారట, వేరే ఆయన్ను తీసుకున్నామని. ఆ మాట నాకు ఆయన ఫోన్ చేసి చెప్పలేదు. అసలు ఫోన్ చేయడమే మానేశాడు. హమ్మయ్య అనుకున్నానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను.

నెలన్నర గడిచింది. వాళ్ల నాటక సమాజంలో హార్మోనియం వాయించే ఆయన పాత ఫోటో ఒకటి పెద్దది చేయించడానికి షాపుకొచ్చాడు. నాటకాలు ఎలా ఉన్నాయని మాటవరసకు అడిగాను.

"ఏం నాటకాలు సారు. రాజు బంద్ చేసిండు గద. ఎంత బతిలాడినా వస్తలేడు. 'రంగు లేని మొకం చూసి వద్దన్నరు, ఇగ రంగేసి ఎవర్ని మోసం చేయాలె' అంటుండు. నెత్తికి మల్ల నల్ల రంగేసుకొని ఇంట్ల కూసున్నడు."

ఆయన వెళ్లాక మా కంప్యూటర్ ఆమె నా వైపు తిరిగింది. "మీరు చెప్తరా సార్, నేను పోయి చెప్పాల్నా?"

"నేనే పోత" అన్నాను.

ఆ రోజు ముట్టుకోని ఫోటో, ఎదురుగా తీసినది, పెద్ద సైజులో ప్రింటు తీసింది ఆమే. అట్ట మధ్యలో పెట్టి, మడత పడకుండా కట్టి ఇచ్చింది. మర్నాడు పొద్దున బస్సెక్కాను. వనపర్తిలో దిగి ఇంకో బస్సు, బిజినేపల్లిలో దిగి ఆటో. దారి పొడవునా ఏం చెప్పాలో ఒకటికి పదిసార్లు అనుకున్నాను. ఎన్నిసార్లు అనుకున్నా ప్రతిసారీ అందులో నా తప్పు కొంచెం చిన్నదవుతూ వచ్చింది.

ఆయన వాకిట్లో కూర్చుని పల్లికాయ ఒలుస్తున్నాడు. జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పెళ్లాన్ని పిలిచి మంచినీళ్లు తెమ్మన్నాడు. ఎప్పటి మర్యాదే. అది చూశాక దారిలో కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. అట్ట విప్పి ఫోటో ఆయన చేతికిచ్చాను.

ఆయన చాలాసేపు చూశాడు. ఆయన పెళ్లాం చెంబు పట్టుకుని వెనక నుంచి వంగి చూసింది.

"గీయన మా ఇంటాయన. మొన్న పంపిన ఫోటోల ఉన్నాయన ఎవరో నాకు తెల్వదు" అంది.

"పెద్ద కెమెరాల గట్ల నున్నగ పడ్తదేమో అనుకున్న" అన్నాడు ఆయన మెల్లగా. రెండు నెలలకు పైగా ఆయన అలాగే అనుకున్నాడు. కెమెరాను నమ్మాడు, నన్ను నమ్మాడు. పనికిరానిది తన ముఖమే అనుకున్నాడు.

అంతా చెప్పాను. కాగితం మీద గీతలు ఉన్నా ముట్టుకున్నానని, ఆ అమ్మాయి ఫోన్ చేసిందని, రెండుసార్లు అడిగిందని, రెండుసార్లూ లేదన్నానని. ఆయన చేతిలో ఫోటో కదల్లేదు.

"మచ్చలు తీసినవ్. దానికి నేనేం అన. ముప్పై ఏండ్లు నేను గూడ తెల్లరంగు పూసి అవే మూసిన" అన్నాడు. ఇరవై ఏళ్లలో నన్ను ఏకవచనంలో పిలవడం అప్పుడే. "అడిగినప్పుడు లేదని ఎందుకన్నవ్?"

"నా పేరు పోతదని" అన్నాను.

"నీ పేరు."

ఆ రెండు మాటలు ఆయన గట్టిగా అనలేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నా పనిలో ఎన్నో చీవాట్లు తిన్నాను, ఫోటోలు పాడై కొట్టడానికి వచ్చిన పెళ్లివాళ్లను చూశాను, కానీ ఒక మనిషి ముందు అంత చిన్నగా ఎప్పుడూ నిలబడలేదు.

కొంతసేపటికి ఆయన తన చెంప మీద వేలు పెట్టుకున్నాడు. "మేం ముగ్గురం ఉంటిమి. అమ్మోరు అన్నను తీస్కపోయింది, చెల్లెను తీస్కపోయింది. నన్నొక్కన్ని ఇడ్సిపెట్టింది. మా అవ్వ ఈ మచ్చలను తడుముకుంట ఏడుస్తుండె, నవ్వుతుండె. మొకం మీద చెయ్యేసి చూసింది మా అవ్వ ఒక్కతే. మల్ల ఇన్నేండ్లకు ఎవరో అడిగిండ్రనుకుంటి." ఆయన పెళ్లాం చెంబు కింద పెట్టి గడప మీద కూర్చుంది.

"ఫోన్ చెయ్" అన్నాడు.

"ఎవరికన్నా?"

"ఆ పిల్లకు. నా ముంగట చెప్పు."

స్పీకరు పెట్టి చేశాను. ఆమె ఎత్తింది. ఎవరో గుర్తుపట్టడానికి కొంచెం టైం పట్టింది. నేను ఎడిట్ చేశానని, అప్పుడు అబద్ధం చెప్పానని, ఒక్క మాటా తగ్గించకుండా చెప్పాను. ఆమె అంది: "సార్, ఇప్పుడు చెప్తే ఏం లాభం? ఆ వేషం షూటింగు అయిపోయింది. వేరే ఆయన చేశారు."

ఆయన ఫోను నా చేతిలోంచి తీసుకున్నాడు.

"అమ్మా, నేను పని కోసం చెయ్యలే. అయిపోయిందేదో అయిపోయింది. నువ్వు చూసిన మొకం నాది గాదు. నాది సారు ఇప్పుడు పంపిస్తడు. జర చూడు. గంతే" అన్నాడు. ఆమె సరేనంది.

అసలు ఫోటో నా ఫోన్లో ఉంది. అక్కడే నిలబడి పంపాను. ఆమె చూసినట్టు ఫోన్లో గుర్తు పడింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. ఆయన పెళ్లాం పెట్టిన జొన్నరొట్టె తిన్నాను. తినకపోతే ఊరుకునేటట్టు లేదు. ఆయన ఒక పక్కన కూర్చుని కాయ ఒలుస్తున్నాడు, కానీ కన్ను నా ఫోను మీదే ఉంది. పని ఎటూ పోయింది, అది ఆయనకూ తెలుసు. ఇంకా దేనికోసం చూస్తున్నాడో నాకప్పుడు అర్థం కాలేదు.

చెయ్యి కడుక్కుంటుండగా ఫోన్లో ఆ అమ్మాయి మెసేజి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు, ఈ కాలం పిల్లలు రాసినట్టు. ఆయనకు అది చదవరాదు. "ఏమన్నది?" అన్నాడు.

పైకి చదివి వినిపించాను. "ఈ ముఖం కోసమే మేం రెండు నెలలు ఊళ్లన్నీ తిరిగాం."

ఆయన ఒలుస్తున్న కాయ చేతిలోనే ఉంది. కళ్లు తుడుచుకోలేదు, నా వైపు చూడలేదు. గడప మీద కూర్చున్న పెళ్లాం వైపు ఒకసారి చూశాడు.

"ఇంకోపాలి సదువు" అన్నాడు.

చదివాను.